అరవై రెండో నిమిషం

గుడ్డసంచీలో పది చెక్కబంతులున్నాయి. బంతి మీద అంకె, అంకెకో పాఠం. సంచీలో చెయ్యి పెట్టే ముందు ఎవరైనా దేవుణ్ణి తలుచుకుంటారు. ఎనేదా మాత్రం డాక్టర్ ఒలావో మొహంలోకి సూటిగా చూసి, సంచీ మూతి గుప్పెట బిగించి, నాలుగుసార్లు గట్టిగా కుదిపింది.

"మెల్లగానమ్మా, సంచీ చిరుగుతుంది," అన్నాడు ఒలావో.

"ఫ్రిజ్‌లో పెట్టి తీసిన బంతి ఏదైనా ఉంటే వేడెక్కాలి కదా, డాక్టర్ గారూ. చల్లగా ఉన్నది చేతికి తెలిసిపోతుందట."

గదిలో ఉన్న ఏడుగురిలో ఆర్జెమీరో ఒక్కడికే నవ్వొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చేసి, ఒళ్ళో ఉన్న లావుపాటి పుస్తకంలోకి తల వంచాడు. అతను నవ్వకూడదు. ఈ ఎంపికకి అతనే కార్యదర్శి.

పోర్తో దాస్ గార్సాస్ ఊరు ఏడాదిలో సగం నీళ్ళ మధ్య ఉంటుంది. అలాంటి ఊళ్ళోని విశ్వవిద్యాలయంలో నీటిమొక్కల గురించి చెప్పే పర్మనెంటు అధ్యాపకుడు పదకొండేళ్ళుగా లేడు. ఇన్నాళ్ళకి ఒక్క పోస్టు మంజూరైంది. దానికి ముగ్గురు మిగిలారు. ఊరి పిల్ల ఎనేదా, నాలుగేళ్ళుగా అదే పాఠాలు తాత్కాలికంగా చెప్తున్నది. సావో పాలో నుంచి వచ్చిన ఫబ్రీసియో, ఒలావో దగ్గర చదువుకున్నవాడు. దక్షిణాది నుంచి ముప్పై గంటలు బస్సులో వచ్చిన మార్లీజె, ఎవరికీ ఏమీ కానిది. ఎంపిక సంఘానికి ఒలావో అధ్యక్షుడు. మిగతా ఇద్దరూ పై ఊళ్ళవాళ్ళు. మనావ్‌స్ నుంచి నిల్సే అనే పెద్దావిడా, గోయాస్ నుంచి వచ్చి ఎప్పుడూ భోజనం వేళ ఎంతైందని అడిగే ఒక ప్రొఫెసరూ.

ఆర్జెమీరో ఎండుమొక్కల గదిలో ముప్పై ఒక్కేళ్ళుగా పనిచేస్తున్నాడు. మొక్క తెచ్చి, కడిగి, కాగితం మీద పరిచి, అద్ది, ఆరబెట్టి, చీటీ అతికిస్తాడు. చీటీ మీద తేదీ, తావు, నీళ్ళ లోతు అతని రాతలోనే ఉంటాయి. "వాడికి రాయడం వచ్చు, మాట్లాడ్డం రాదు. మనకి కావల్సింది అదే," అని ఒలావో అతన్ని కార్యదర్శిగా వేయించాడు. ఆ మాట ఆర్జెమీరో వింటుండగానే అన్నాడు.

అతని ఒళ్ళో ఉన్నది మినిట్స్ పుస్తకం. దానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. కొట్టివేత పనికిరాదు, తెల్లసిరా పూయకూడదు, గీత ఖాళీగా వదలకూడదు. పడిన మాట పడినట్టే ఉండాలి. తప్పు దొర్లితే చిట్టచివర, సంతకాలకు ముందు, 'సవరణ' అని పెట్టి, పైన ఫలానా అని ఉన్నచోట ఫలానా అని చదువుకోవాలి అని రాయాలి. అంతా రాశాక అందరి ముందూ పైకి చదవాలి. అప్పుడే సంతకాలు.

ఎనేదా తీసిన బంతి మీద ఏడు ఉంది. ఏడో పాఠం వరద రాకపోకలు, నీటిమొక్కల తీరు. ముగ్గురికీ అదే. ఇరవై నాలుగు గంటల్లో తయారై రేపు చెప్పాలి. యాభై నిమిషాలకు తగ్గకూడదు, అరవై దాటకూడదు. తగ్గినా దాటినా పోటీలోంచి పోయినట్టే. ప్రకటనలో ఆ ముక్క లావు అక్షరాల్లో ఉంది, ఒలావో దాన్ని రెండుసార్లు చదివాడు. రెండోసారి ఎనేదాని చూస్తూ చదివాడు.

వాళ్ళిద్దరికీ ఉప్పూ నిప్పూ. నాలుగు వానాకాలాలు ఎనేదా నడుముల్లోతు నీళ్ళలో నిలబడి కొలిచిన లెక్కలతో ఒలావో రెండు వ్యాసాలు అచ్చేయించుకున్నాడు. ఆమె పేరు చివర్న కృతజ్ఞతల్లో వేశాడు. అది కూడా అక్షరం తప్పుతో.

బయట వరండాలో ఫబ్రీసియో ఆర్జెమీరో భుజం మీద చెయ్యి వేశాడు. "అన్నా, మీ ఊళ్ళో ఎండేంటి అన్నా ఇలా కాల్చేస్తోంది! నేనిక్కడ చేరితే ముందు మీ గదికి ఏసీ పెట్టిస్తా, చూస్తూ ఉండు." ఒక పిప్పరమెంటు బిళ్ళ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. కుర్రాడు చెడ్డవాడేం కాదు. గెలిచేసినవాడిలా తిరుగుతున్నాడు, అంతే.

మార్లీజె గోడకి తగిలించిన అద్దాల పెట్టె ముందు నిలబడి ఉంది. ఊరంతా చల్లటి నీళ్ళు పోసుకుని ఆకుతేనీరు పీలుస్తుంటే, ఆవిడ చేతిలోని సొరబుర్ర కప్పులోంచి వేడి తేనీటి పొగలొస్తున్నాయి. వాచ్‌మన్ అప్పుడే ఆవిడకి 'కుంపటి' అని పేరు పెట్టేశాడు.

"ఇది తప్పు," అంది, తల తిప్పకుండానే.

పెట్టెలో ఉన్నది ఒక తెల్ల కలువ. ఇరవై ఏళ్ళ క్రితం ఆర్జెమీరో కోసుకొచ్చి అతికించినది. పేరు ఒలావో పెట్టాడు.

"కాడ పైకొన చూడండి. ఆకు అంటుకునే చోట నూగు ఉంది, వలయంగా. చీటీ మీదున్న జాతికి నూగుండదు. ఇది వేరే కలువ. మీకు కనిపించలేదా?"

"డాక్టర్ గారు రాశారండి ఆ పేరు."

"ఎవరు రాశారని నేనడగలేదు. మీకు కనిపించలేదా అని అడిగాను."

ఆర్జెమీరోకి ఒళ్ళు మండింది. కనిపించింది. అతికించిన రోజే కనిపించింది. ఇరవై ఏళ్ళు ఆ అద్దం తుడుస్తూనే ఉన్నాడు. వచ్చి పూట గడవని మనిషి అది అడగడమేమిటని, గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

*

బుధవారం పొద్దున పాఠాలు. పోటీదారులు ఒకరి పాఠం ఒకరు వినకూడదు కాబట్టి ఒకరు చెప్తుంటే మిగతా ఇద్దరూ గ్రంథాలయంలో కూర్చోవాలి. పాఠాలు రికార్డు చేయాల్సిన కెమెరా చెడిపోయి ఆర్నెల్లయింది. బాగుచేయించమని రాసిన కాగితం ఎవరి బల్ల మీదో ఉంది. అందుకని గోడ గడియారమూ కార్యదర్శి కలమూ, ఆ రెండే సాక్ష్యం.

ఎనిమిదింటికి ఫబ్రీసియో మొదలుపెట్టాడు. గొంతు బాగుంది, బొమ్మలు బాగున్నాయి. ఆనకట్టల వెనక నిలిచిన నీళ్ళలో గుర్రపుడెక్క ఎలా అల్లుకుంటుందో, దాన్ని యంత్రాలతో ఎలా తీస్తారో చూపించాడు. పుట్టిల్లే ఇక్కడైన మొక్కని దొంగని చూపించినట్టు చూపిస్తున్నాడే అనుకున్నాడు ఆర్జెమీరో. గడగడా చెప్పుకుపోయి, "ధన్యవాదాలు" అని నవ్వాడు కుర్రాడు. గడియారంలో ఎనిమిదీ నలభై ఆరు.

ఒలావో తల పైకెత్తాడు. ఇంకేదైనా ఉందేమో అన్నట్టు కళ్ళతో అడిగాడు. ఫబ్రీసియో అప్పటికే తీగలు చుట్టేసుకుంటున్నాడు.

తొమ్మిదిన్నరకి మార్లీజె. నల్లబల్ల మీద ఒక నది గీసి, మొక్కలు రాసి, బాణాలు గీసింది. ఒక్కసారి కూడా నవ్వలేదు. ఒక్క తప్పు మాట కూడా అనలేదు. గోయాస్ ప్రొఫెసరు రెండుసార్లు ఆవులించాడు. యాభై నాలుగో నిమిషాన సుద్దముక్క కింద పెట్టి, "అయిపోయింది," అంది.

పదకొండుకి ఎనేదా వచ్చింది. బొమ్మలు లేవు. ఒక తొట్టె, రెండు బాల్చీల మొక్కలు, ఆర్జెమీరో గదిలోని కాగితాలు కొన్ని. మొదటి పది నిమిషాలు తడబడింది. తర్వాత కలువ కాడ గురించి చెప్పడం మొదలుపెట్టింది. నీళ్ళు ఎక్కుతుంటే కాడ రాత్రికి రాత్రి ఎలా సాగుతుందో, ఎక్కడ ఆపాలో దానికెలా తెలుస్తుందో, నీళ్ళు దిగిపోయాక పగిలిన బురదలో గింజ ఎన్నేళ్ళు పడుకోగలదో చెప్పింది. చేతికి బురద అంటింది, దాన్ని పట్టించుకోలేదు. నిల్సే మార్కుల కాగితం పక్కకి జరిపి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, చిన్నపిల్లలా వింటున్నది.

చివర్న ఎనేదా బాల్చీలోంచి సోంపు ఆకులాంటి సన్నటి మొక్కని తీసి పైకెత్తింది. నీళ్ళలోంచి బయటకి వచ్చేసరికి అది తడిసిన జుట్టులా ఒక్క పిలకగా అతుక్కుపోయింది. "ఇప్పుడిది మొక్క కాదు," అంది. తొట్టెలో కాగితం ముంచి, మొక్కని దాని మీద తేలనిచ్చి, వేలికొసలతో ఒక్కో ఆకునీ విడదీస్తూ, కాగితాన్ని ఒక పక్క నుంచి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా పైకి లేపింది. నీళ్ళు జారిపోయాయి. మొక్క నీళ్ళలో ఎలా ఉందో అలాగే కాగితం మీద ఉండిపోయింది.

అలా లేపడం ఆర్జెమీరో నేర్పిందే. పదకొండేళ్ళ క్రితం మొదటిరోజు ఆ పిల్ల ఇరవై కాగితాలు చింపేసి ఏడ్చింది. ఇప్పుడు ఆ చెయ్యి చూస్తుంటే అతని కళ్ళు చెమర్చాయి. అతను గడియారం సంగతి మర్చిపోలేదు. చూస్తూనే ఉన్నాడు. ముల్లు పన్నెండు దాటింది. 'చాలమ్మా, చాలు' అని మనసులో అరిచాడు. బయటికి అనే హక్కు కార్యదర్శికి లేదు. తగ్గితే పోతానేమోనన్న భయంతో నాలుగు మాటలు ఎక్కువే సిద్ధం చేసుకొచ్చిన పిల్ల ఆ నాలుగూ చెప్పింది. "ఇంతే," అని చేతులు తుడుచుకుంది. పన్నెండూ రెండు.

ఒలావో గడియారం చూశాడు. తర్వాత ఆర్జెమీరోని చూసి చిన్నగా నవ్వాడు. ముప్పై ఒక్కేళ్ళలో ఒలావో అతన్ని చూసి నవ్వడం అదే మొదలు.

*

"నలభై ఆరు రాస్తావా?" అన్నాడు ఒలావో, భోజనాలయ్యాక ఎండుమొక్కల గదికి వచ్చి. ఆ గదికి ఆయన వచ్చి ఏడాది అయి ఉంటుంది.

"గోడ మీద అంతే ఉందండి, డాక్టర్ గారూ."

"గోడ మీద అరవై రెండు కూడా ఉంది."

ఆర్జెమీరో మొక్కలు అదిమిపెట్టే చెక్కల మధ్య పాత వార్తాపత్రికలు మారుస్తున్నాడు. చేతులు ఆగాయి.

"చూడు. నేను మంచివాణ్ణని చెప్పట్లేదు. లెక్క చెప్తున్నాను. ఉన్నదున్నట్టు రాస్తే నావాడూ పోతాడు, నీ పిల్లా పోతుంది. ఆ కుంపటి వచ్చి మన నెత్తిన కూర్చుంటుంది, ముప్పై ఏళ్ళు. అందుకని నావాడికి యాభై ఒకటి, నీ పిల్లకి అరవై. నిల్సే గడియారం చూళ్ళేదు, ఆ గోయాస్ ఆయన చూసింది అన్నంకుండనే. ఆ తర్వాత మార్కుల్లో ఎవరు గెలిస్తే వాళ్ళు. నాది ఒక్క ఓటే కదా? ఇంతకంటే న్యాయం ఇంకేం కావాలి నీకు?"

"మూడో ఆవిడ?"

"ఆవిడకి యాభై నాలుగు. ఉన్నదున్నట్టు రాయి. ఆవిడకి మనం చేసిన అన్యాయమేముంది?"

ఒలావో తన కలమే తీసి మూత విప్పి ఇచ్చాడు. నిలబడి రాయించుకున్నాడు. ఆర్జెమీరో రాశాడు. ఎప్పటిలాగే అందంగా, గుండ్రంగా పడ్డాయి అక్షరాలు. కలం వెనక్కిచ్చేసి చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు.

సాయంత్రం వెనక కుళాయి దగ్గర ఎనేదా గుర్రపుడెక్క వేర్లు కడుగుతోంది. పోటీ అయినా పని ఆగదు. తూకం వెయ్యాల్సిన మొక్కలు ఇంకా మూడు బాల్చీలున్నాయి. ఆర్జెమీరో పక్కన పీట వేసుకుని, వేర్లలో చిక్కుకున్న నత్తలు ఏరుతూ జరిగినదంతా చెప్పాడు. ఆమె భగ్గుమంటుందనుకున్నాడు. ఆ ముసలాడి అబద్ధం ఒక్కటి, ఒకే ఒక్కటి రాతలో దొరికితే చాలు బాబాయ్, రాజధాని బ్రసీలియా దాకా లాగుతానని ఎన్నిసార్లు అని ఉంటుంది!

ఎనేదా కుళాయి కట్టేసింది.

"రాసేశావా?"

"రాశాను."

"నాకు అరవై అనే కదా?"

"అరవై."

"హమ్మయ్య," అని అరుగు మీద కూలబడింది. "రెండు నిమిషాలు దాటిందని నాకప్పుడే తెలుసు బాబాయ్. అన్నం దిగలేదు పొద్దున్నుంచి."

"వాడి అబద్ధం కూడా ఉందమ్మా అందులో."

"ఉండనీ. ఉంటే నాకేంటి? మార్కుల్లో వాణ్ణి తొక్కేస్తాను. నిల్సే మేడం ఎలా వింటోందో చూశావు కదా?"

"ఆ మార్లీజె..."

"ఆవిడ రేపు బస్సెక్కి పోతుంది. ఆవిడకి ఈ ఊరు కాకపోతే ఇంకో ఊరు. నాకు? ముప్పయ్యో తారీకుతో నా కాంట్రాక్టు ఆఖరు. తాత్కాలికం చేసినవాళ్ళని రెండేళ్ళ దాకా మళ్ళీ తీసుకోరు. మా చెల్లెలి ఎరల కొట్లో కూర్చుని జాలరి బాబులకి ఎర పీతలు అమ్మాలి నేను. డాక్టరేటు పీతలు! కిలో ఎంత అని అడుగుతారు." నవ్వబోయింది, రాలేదు. తడిచేత్తో అతని ముంజేయి పట్టుకుంది. "మార్చవు కదా? నాకు మాటియ్యి."

"రాసేశాను కదమ్మా, ఇంక మార్చేదేముంది," అన్నాడు ఆర్జెమీరో. అది మాట ఇవ్వడం కాదని ఇద్దరికీ తెలుసు. ఆమె చెయ్యి తియ్యడానికి కొంచెం సేపు పట్టింది.

*

గురువారం పదింటికి మినిట్స్ చదవడం. అది బహిరంగంగా జరగాలి, పోటీదారులు కూడా ఉండొచ్చు. ఫబ్రీసియో ముందు వరసలో కాలు మీద కాలేసుకున్నాడు. ఎనేదా ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని గోడవార కూర్చుంది. మార్లీజె వెనక వరసలో, ఒళ్ళో నోటుపుస్తకం. మార్కుల కవర్లు తొమ్మిది, సీలు వేసినవి, బల్ల మీద ఒలావో ముందున్నాయి. మినిట్స్ మీద సంతకాలయ్యాకే అవి విప్పాలి.

ఆర్జెమీరో నిలబడి చదివాడు. తేదీ, చోటు, ఉన్నవాళ్ళ పేర్లు, సంచీ, ఏడో నంబరు బంతి. ఫబ్రీసియో పాఠం, సాగిన కాలం యాభై ఒక్క నిమిషాలు. మార్లీజె పాఠం, యాభై నాలుగు. ఎనేదా పాఠం, అరవై. ఆవలింతల్లాంటి ఈ రాతని ఎవరూ వినరు. గోయాస్ ప్రొఫెసరు అప్పుడే కలం తీసుకున్నాడు. వెనక వరసలో మార్లీజె మాత్రం అంకెలు రాసుకుంటోంది. అనుమానంతో కాదు, అతను చెప్పింది నిజమని నమ్మి రాసుకుంటోంది. అది అతనికి ముల్లులా గుచ్చుకుంది.

చివర్న ఎప్పుడూ ఉండే వాక్యం ఒకటుంది. "నేను, ఆర్జెమీరో లెయితె, కార్యదర్శిని, జరిగినది జరిగినట్టు కళ్ళారా చూసి..."

అక్కడ చదవడం ఆపేశాడు.

"చూసి రాయడమైనది. అంతే కదా, కానియ్," అన్నాడు ఒలావో, పుస్తకం కోసం చెయ్యి చాపుతూ.

ఆర్జెమీరో పుస్తకం ఇవ్వలేదు. బల్ల మీద తనవైపు పెట్టుకుని, కూర్చుని, జేబులోంచి తన కలం తీశాడు. మాట్లాడ్డం రానివాడు కదా, రాసుకుంటూ పైకి చదివాడు. ఒక్కో మాటకీ కలం ఆగుతోంది.

"సవరణ. పైన, ఫబ్రీసియో పాఠం, యాభై ఒకటి అని ఉన్నచోట, నలభై ఆరు, అని చదువుకోవాలి. పైన, ఎనేదా పాఠం..." అక్కడ కలం సిరా చుక్క వదిలింది. అద్దుడు కాగితం కోసం వెతికి, దొరక్క, మణికట్టుతో అద్దాడు. "అరవై అని ఉన్నచోట, అరవై రెండు, అని చదువుకోవాలి."

ఫబ్రీసియో కాలు మీది కాలు దించాడు.

"నీకు మతి పోయిందా?" అన్నాడు ఒలావో. "నిన్న ఒకటి రాసి ఇవాళ ఒకటి రాస్తావా? ఏది నిజం?"

"రెండోదండి. మొదటివి నేనే రాశాను, చూసి రాయలేదు."

"ఎవరు రాయమన్నారు?" అంది నిల్సే.

ఒలావో మొహం ఎర్రబడింది. ఆర్జెమీరో అటు చూడలేదు. "నా చేత్తో నేనే రాశానమ్మా," అన్నాడు.

నిల్సే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పన్నెండు దాటడం నేనూ చూశాను," అంది నెమ్మదిగా. "చూడనట్టే ఉన్నాను." పుస్తకం లాక్కుని సంతకం చేసింది. గోయాస్ ప్రొఫెసరు ఆవిణ్ణీ, ఒలావోనీ మార్చి మార్చి చూసి, ఎటు పోతే బస్సు దొరుకుతుందో అటే పోదామన్నట్టు, తనూ చేశాడు. ముగ్గురిలో ఇద్దరు చాలు. ఒలావో చెయ్యలేదు.

పోటీలో ఒక్కరే మిగిలారు. మార్లీజె కవర్లు మూడూ విప్పారు. పాసయింది. ఆవిడ లేచి, "సరే," అంది. ఫబ్రీసియో ఒక చెడ్డమాట అనుకుంటూ ఫోను తీసుకుని బయటికి పోయాడు. ఎనేదా కదల్లేదు. ఆర్జెమీరో పుస్తకం మూసి తలెత్తేసరికి అతన్నే చూస్తోంది, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు.

"పిట్టపోరూ పిట్టపోరూ పిల్లి తీర్చింది," అన్నాడు గుమ్మంలో వాచ్‌మన్.

పోటీలోంచి పోయినవాళ్ళ కవర్లు విప్పకూడదు. ఫైల్లో కుట్టెయ్యాలి. ఆర్జెమీరో వాటిని సూది దారంతో కుడుతుంటే టాక్సీ కోసం నిలబడ్డ నిల్సే దగ్గరికొచ్చింది.

"ఆ అమ్మాయికి నేను పదికి పది వేశాను. ఇన్నేళ్ళలో ఎవరికీ వెయ్యలేదు. గోయాస్ ఆయన కూడా తొమ్మిదిన్నర వేశాడట," అంది. "మీకు తెలియాలని చెప్తున్నాను."

ఎందుకు తెలియాలో ఆవిడ చెప్పలేదు. సూది వేల్లో దిగింది. అతను వేలు నోట్లో పెట్టుకుని, మళ్ళీ కుట్టసాగాడు.

*

అభ్యంతరం ఉన్నవాళ్ళు రాతపూర్వకంగా ఇవ్వడానికి శుక్రవారం సాయంత్రం ఐదింటి దాకా గడువు. తీసుకోవాల్సినది కార్యదర్శే.

పొద్దున్న మార్లీజె వచ్చి ఎండుమొక్కల గది తాళంచెవి అడిగింది. కృతజ్ఞత లేదు, పలకరింపు లేదు. "సోమవారం నుంచి ఏడింటికి మొదలుపెడదాం. ఎనిమిదికి ఎండ ఎక్కువ," అంది. ఇలాంటి మనిషి కోసమా అనుకున్నాడు. తాళంచెవి ఇచ్చాడు.

క్యాంటీన్ ఆమె జున్నురొట్టె బల్ల మీద విసిరినట్టు పెట్టింది. ఎనేదా అంటే ఆమెకి ప్రాణం. ఒలావో కారిడార్లో ఎదురొచ్చి, పక్కనున్నవాళ్ళకి వినబడేలా, "కూడు పెట్టిన చెయ్యి కరిచేవాళ్ళని చూశాను గానీ, కన్నబిడ్డలాంటిదాన్ని కరిచేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా," అన్నాడు. ఆర్జెమీరో గోడ వైపు ఒదిగి దారిచ్చాడు.

శుక్రవారం నాలుగింటికల్లా ఆఫీసు ఖాళీ అవుతుంది. గుమాస్తాలు పోయారు. వాచ్‌మన్ తాళాల గుత్తి ఆడిస్తూ వచ్చాడు.

"ఇంకెవరొస్తారయ్యా? మూసెయ్. వచ్చినా నీ మీదే కదా రాసుకొస్తారు. నీ గొయ్యి తవ్వేవాడికి నువ్వే పార అందించాలా?"

"ఐదింటి దాకా ఉందిగా గడువు," అని ఆర్జెమీరో కదల్లేదు. అతనికి సంగతి తెలుసు. మధ్యాహ్నం ఒలావో గదిలో ఎనేదా గొంతు విన్నాడు. నాలుగేళ్ళలో ఆ గదిలో ఆ గొంతు పోట్లాడకుండా మాట్లాడ్డం వినలేదు.

నాలుగూ యాభైకి ఎనేదా వచ్చింది. దీపం వెలుగుతుంటే గుమ్మంలో ఆగిపోయింది.

"మూసేసి ఉంటావనుకున్నా."

"గడువుంది కదమ్మా."

"మూసేస్తే, కాగితం తీసుకోలేదని ఇంకో కేసు పెడదువుగాని అన్నాడు ఒలావో."

"కేసుకి భయపడి కూర్చోలేదమ్మా."

ఆమె రెండు కాగితాలు బల్ల మీద పెట్టింది. ఏ విషయమో చదివి రసీదులో రాయడం అతని పని. కళ్ళజోడు పెట్టుకున్నాడు. కింద మూడు సంతకాలు. ఎనేదాది, ఈమెయిల్లో వచ్చిన ఫబ్రీసియోది, వాటి పక్కనే సాక్షిగా ఒలావోది. తన పేరు పక్కన ఆ పేరు పడనివ్వనని నాలుగేళ్ళు పోట్లాడిన పిల్ల పేరు ఇప్పుడు దాన్ని ఆనుకుని ఉంది. పైకి చదివాడు. చదివితీరాలని నియమం లేదు. గొంతుక అలవాటు పడిపోయింది.

"కార్యదర్శి వయసు పైబడినవాడగుటచే, మొదటి పాఠం ఆరంభమునందును, మూడవ పాఠం చివరనందును, కునికిపాట్లు పడుచుండెననియు, కావున అతడు వ్రాసిన కాలములు నమ్మదగినవి కావనియు..."

ఆపాడు. మళ్ళీ ఆ వాక్యం మీదికే కళ్ళు వెళ్ళాయి. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. పెట్టుకున్నాడు.

రసీదు పుస్తకం ముందుకు లాక్కుని రాశాడు. కాగితాలు రెండు. ఇచ్చినది ఎనేదా. విషయం, కార్యదర్శి నిద్రపోవుట. అందిన సమయం, సాయంత్రం నాలుగు గంటల యాభై మూడు నిమిషాలు. సంతకం చేసి, ముద్ర వేసి, గీత మీద చింపి ఇచ్చాడు. ఎనేదా అందుకోవడానికి చెయ్యి చాపింది. కాగితం అటు కొస ఆమె చేతిలో, ఇటు కొస ఇంకా అతని చేతిలో ఉంది.

"నేను నిద్రపోయానా అమ్మా?" అన్నాడు.

ఎనేదా పెదవులు కదిలాయి. కళ్ళు నిండి, వెంటనే ఎండిపోయాయి.

"పోయుంటే బాగుండేది బాబాయ్," అని రసీదు లాక్కుని వెళ్ళిపోయింది.